అరవై అడుగుల ఆట

పెద్దవాళ్ళు ఆడే బేస్‌బాల్‌లో ఒక బేస్‌కీ మరో బేస్‌కీ మధ్య దూరం 90 అడుగులు. పన్నెండేళ్ళ లోపు పిల్లలు ఆడే మైదానంలో అది 60 అడుగులు. ఈ అరవైని ఏ విశ్వవిద్యాలయమూ తేల్చలేదు, ఏ ప్రభుత్వ సంఘమూ నిర్ణయించలేదు. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో విలియమ్స్‌పోర్ట్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ కార్ల్ స్టాట్జ్ అనే ఇరవై ఎనిమిదేళ్ళ మామూలు ఉద్యోగి 1938 వేసవిలో తన మేనల్లుళ్ళనూ ఇరుగుపొరుగు పిల్లలనూ ఆడిస్తూ, చూస్తూ, గుర్తులు ముందుకీ వెనక్కీ జరుపుతూ కుదిర్చిన కొలత అది. మరుసటి ఏడాది ఆ కొలత మీదే మూడు జట్లతో ఒక సంఘం నిలబడింది. దాని పేరు లిటిల్ లీగ్. ఇప్పుడు ఎనభైకి పైగా దేశాల్లో పిల్లలు ఆ కొలత మీదే ఆడుతున్నారు.

ఆ సంఘం ఎంత పెద్దదయిందన్నది చాలామంది రాసిన సంగతే. నన్ను కట్టిపడేసింది దాని పనితనం. ఒక పెద్దల ఆటను తీసుకుని, దాని ప్రాణం పోకుండా, పిల్లల ఒంటికి సరిపోయేలా మలచడం ఎంత కష్టమో, అందులో ఎన్ని చిన్న చిన్న తూకాలున్నాయో ఒక్కొక్కటీ విప్పి చూస్తే తప్ప తెలియదు.

క్రికెట్ తెలిసినవారికి బేస్‌బాల్ రెండు మాటల్లో చెప్పవచ్చు. నేల మీద ఒక చతురస్రం. దాని నాలుగు మూలల్లో నాలుగు బేస్‌లు. ఒక మూలన, హోమ్ ప్లేట్ పక్కన, బ్యాటర్ నిలబడతాడు. చతురస్రం మధ్యలో నుంచి పిచర్ బంతిని నేలకు తగలకుండా నేరుగా విసురుతాడు. బంతి కొట్టగానే బ్యాటర్ బ్యాట్ పడేసి మొదటి బేస్‌కి పరుగెత్తాలి. ఆ లోపు ఫీల్డర్ బంతిని అందుకుని మొదటి బేస్ దగ్గరున్న తోటి ఆటగాడికి విసిరితే, అతడు బేస్ మీద కాలు పెట్టి బంతి పట్టుకుంటే, బ్యాటర్ అవుట్. నాలుగు బేస్‌లూ తిరిగి మళ్ళీ హోమ్ ప్లేట్ చేరితే ఒక రన్. ముగ్గురు అవుటైతే జట్టు వంతు అయిపోయినట్టే; రెండు జట్లకూ ఒక్కో వంతు అయితే ఒక ఇన్నింగ్స్.

ఇందులో ఆట ప్రాణమంతా ఒక్క క్షణంలో ఉంది. బ్యాటర్ పాదమూ, ఫీల్డర్ విసిరిన బంతీ మొదటి బేస్ దగ్గరికి దాదాపు ఒకేసారి చేరాలి. పెద్దల ఆటలో బ్యాటర్‌కి ఆ 90 అడుగులు పరుగెత్తడానికి నాలుగు సెకన్లకు కాస్త ఎక్కువ పడుతుంది. నేల మీద దొర్లిన బంతిని, రెండో మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే షార్ట్‌స్టాప్ అనే ఆటగాడు వంగి అందుకుని, నిలదొక్కుకుని, విసరడానికీ అంతే పడుతుంది. ఒక్క అడుగు తేడాలో అవుటా కాదా అని తేలుతుంది. దూరం కొద్దిగా తగ్గితే ప్రతి బ్యాటరూ బేస్ చేరతాడు. కొద్దిగా పెరిగితే ఒక్కడూ చేరలేడు. 1850ల నుంచి ఇప్పటిదాకా ఆ 90 మారకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు పదేళ్ళ పిల్లవాణ్ణి ఆ మైదానంలో నిలబెట్టండి. పరుగు సగం దూరానికే నెమ్మదిస్తుంది. ఆ చేత్తో విసిరిన బంతి రెండుసార్లు నేలకు తగిలి, దొర్లుకుంటూ చేరుతుంది. అంత బరువు బ్యాట్ ఊపితే బ్యాటే వాణ్ణి తిప్పేస్తుంది. చివరికి ఏమవుతుంది? పెద్ద పిల్లలు ఆడతారు, చిన్న పిల్లలు బంతి ఏరి తెస్తారు. ఇది విలియమ్స్‌పోర్ట్‌లోనే కాదు, మా నాగర్‌కర్నూలు జిల్లా తిమ్మాజిపేట వైపు ఏ ఊరి బడి గ్రౌండుకైనా సాయంత్రం వెళ్ళి చూడండి. ఏడో తరగతి పిల్లలు పొద్దు గూకేదాకా బౌండరీ దగ్గర నిలబడి ఉంటారు. బ్యాటింగ్ వాళ్ళ వంతు వచ్చేసరికి చీకటి పడుతుంది.

స్టాట్జ్ చిన్నతనం కూడా అలాగే గడిచింది. 1938లో ఒకరోజు జిమ్మీ, మేజర్ అనే ఇద్దరు మేనల్లుళ్ళతో ఇంటి పెరట్లో బంతాట ఆడుతుండగా, బంతి కోసం వెళ్ళినప్పుడు కొట్టేసిన లైలాక్ పొద మొదలు ఒకటి కాలికి గీరుకుందట. నొప్పికి మెట్ల మీద కూర్చున్నప్పుడు తన చిన్నప్పటి సంగతులు గుర్తొచ్చాయని, పిల్లలకంటూ ఒక జట్టు, ఒక యూనిఫాం, వాళ్ళు ఊపగలిగే బ్యాటు ఉంటే ఎలా ఉంటుందని అప్పుడే వాళ్ళని అడిగాడని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. పుట్టుక కథలు ఏ ఊళ్ళోనైనా కాస్త అందంగానే ఉంటాయి. నాకు దానికంటే ఆ తర్వాత చేసిన పని ముఖ్యం. మాట ఇచ్చి ఊరుకోలేదు. ఆ వేసవిలో చుట్టుపక్కల పిల్లల్ని పోగుచేసి, మైదానం కొలతలు మార్చి మార్చి ఆడించాడు.

ఇక్కడే పనివాడు కనిపిస్తాడు. పెద్దాయన చొక్కా చేతులు కత్తిరిస్తే పిల్లవాడి చొక్కా అయిపోదు. టైలర్ పిల్లవాణ్ణి నిలబెట్టి భుజం వేరే, మెడ వేరే, పొడుగు వేరే కొలవాలి. స్టాట్జ్ చేసింది అదే. కాగితం మీద అన్నిటినీ సగానికి తగ్గించి ఊరుకోలేదు. ప్రతి కొలతనూ పిల్లల మీదే విడిగా చూసుకున్నాడు. ఆ వివేకం లిటిల్ లీగ్ నిబంధనల్లో ఇప్పటికీ ఉంది.

బేస్‌ల మధ్య 60 అడుగులు అంటే పెద్దల దూరంలో మూడింట రెండు వంతులు. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. పిల్లల బేస్ దూరం దానికంటే ఆరడుగులు తక్కువ. చతురస్రం కాబట్టి భుజం మూడింట రెండు వంతులైతే లోపలి నేల తొమ్మిదింట నాలుగు వంతులే అవుతుంది. అంటే ఫీల్డర్లు కాపాడాల్సిన నేల సగం కంటే తగ్గిపోయింది. తొమ్మిది మంది చిన్న పిల్లలు ఆ నేలను నిజంగా కాపాడగలరు. ఎదురు మూలకు, అంటే హోమ్ ప్లేట్ నుంచి రెండో బేస్‌కి, పెద్దల మైదానంలో 127 అడుగుల 3 అంగుళాల పైచిలుకు. పిల్లల మైదానంలో 84 అడుగుల 10 అంగుళాలు. హోమ్ ప్లేట్ వెనుక గొంతుక్కూర్చునే క్యాచర్ లేచి రెండో బేస్‌కి బంతి విసిరితే నేరుగా చేరడానికి పన్నెండేళ్ళ భుజానికి అది చాలు.

చాలు అన్నాను గానీ, అక్కడ ఒక చిక్కుంది. పెద్దల ఆటలో పిచర్ బంతి విసరకముందే రన్నర్ బేస్ వదిలి కొన్ని అడుగులు ముందుకు జరిగి నిలబడవచ్చు, అదను చూసి తర్వాతి బేస్‌కి దౌడు తీయవచ్చు. 60 అడుగుల మైదానంలో దీన్ని ఒప్పుకుంటే ప్రతి రన్నరూ రెండో బేస్ దోచేస్తాడు, చిన్న క్యాచర్ ఏమీ చేయలేడు. అందుకే పిల్లల నిబంధనల్లో, విసిరిన బంతి బ్యాటర్‌ని చేరేదాకా రన్నర్ బేస్ వదలకూడదు. చిన్న క్యాచర్‌కి ఆ నిబంధన కొంత వెసులుబాటు ఇచ్చింది. బేస్ దోచుకోవడాన్ని నిషేధించలేదు. అది ఆటలో ఉన్న సరదా, పిల్లలకు దాన్ని దూరం చేయకూడదు. కాబట్టి దొంగతనం ఉండనిచ్చి, దొంగకూ కాపలాకూ మధ్య పోటీ సమానం చేశారు. ఇంత సున్నితంగా రాసిన ఆట నిబంధనలు నేను తక్కువ చూశాను.

పిచర్ దూరం చూడండి. పెద్దల ఆటలో 1893 నుంచి అది 60 అడుగుల 6 అంగుళాలు. మూడింట రెండు వంతుల లెక్కనే పట్టుకుంటే పిల్లలకు దాదాపు 40 అడుగులు రావాలి. కానీ నిబంధనల్లో ఉన్నది 46. ఎందుకంటే పిల్లల పరుగు తగ్గినంతగా వాళ్ళ విసురు వేగం తగ్గదు. కాలిదొక లెక్క, చేతిదొక లెక్క. 2014లో ఫిలడెల్ఫియా జట్టు తరఫున మోనే డేవిస్ అనే పదమూడేళ్ళ అమ్మాయి గంటకు 70 మైళ్ళ వేగంతో, అంటే సుమారు 113 కిలోమీటర్లతో, బంతి విసిరింది. 46 అడుగుల నుంచి ఆ బంతి బ్యాటర్‌ని చేరడానికి అర సెకను కూడా పట్టదు. పెద్దల మైదానంలో అదే సమయంలో చేరాలంటే గంటకు 92 మైళ్ళతో విసరాలి. అంటే అవతల బ్యాట్ పట్టుకున్న పన్నెండేళ్ళ కుర్రవాడికి, ప్రొఫెషనల్ ఆటగాడు ఎదుర్కొనే పరీక్షే ఎదురవుతుంది, తన ఎత్తులో, తన వయసులో. పిచర్‌ని 40 అడుగుల దగ్గరే నిలబెడితే బ్యాటర్‌కి బంతిని చూసే వ్యవధే ఉండదు. ఆరడుగులు వెనక్కి ఉండబట్టే పోటీ నిలిచింది.

తొమ్మిది ఇన్నింగ్స్ ఆరుకు తగ్గాయి. బ్యాట్లు చిన్నవయ్యాయి. బూట్ల అడుగున ఇనుప మేకులు పిల్లల కాళ్ళను చీరేస్తాయని, యునైటెడ్ స్టేట్స్ రబ్బర్ కంపెనీ 1948లో పోషకులుగా వచ్చిన కాలంలో రబ్బరు మేకుల బూట్లు తెచ్చారు. ఆ తర్వాత క్రెయిటన్ హేల్ అనే శాస్త్రవేత్త రెండు చెవులనూ కప్పే హెల్మెట్ రూపొందించాడు. ఇవాళ పెద్దవాళ్ళూ పెట్టుకునే హెల్మెట్లకు అది దారి చూపింది.

ఇన్ని తగ్గినా ఒకటి మాత్రం తగ్గలేదు: బంతి. పిల్లల ఆటలోనూ బంతి చుట్టుకొలత 9 నుంచి 9¼ అంగుళాలు, బరువు 5 నుంచి 5¼ ఔన్సులు, అచ్చం పెద్దల బంతే. క్రికెట్ బంతి కంటే కాస్త తేలిక.

ఈ బంతిని చేతిలో పట్టుకుని చూడాలి. ప్రొఫెషనల్ బంతి లోపల కార్క్, దాని చుట్టూ రబ్బరు పొరలు, ఆ పైన మూడు రకాల ఊలు దారం, అన్నిటిపైన సన్నని నూలు కలిసిన దారం. మొత్తం దారం 369 గజాలు. అంటే మన మైదానం చుట్టూ, 60 అడుగుల చతురస్రం చుట్టూ, నాలుగుసార్లు తిరిగి ఇంకా మిగులుతుంది. ఆ ఉండ మీద తెల్లని ఆవు తోలు ముక్కలు రెండు. ఒక్కొక్కటీ ఎనిమిది అంకె ఆకారంలో, రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ఒకదాన్ని అడ్డంగా, ఇంకోదాన్ని నిలువుగా ఉండ మీద పరిస్తే ఒకదాని తల మరోదాని నడుములోకి ఒదిగి గోళమంతా కప్పుకుంటుంది. ఖాళీ మిగలకుండా, మడతపడకుండా. బంతి చరిత్రలో నాకు తెలిసినంతలో ఇంతకంటే తెలివైన కత్తిరింపు లేదు. క్రికెట్ బంతి కుట్టు నిటారుగా మధ్యలో నడుస్తుంది. దీనిది అలలాగా వంపు తిరుగుతూ మొదలైన చోటికే చేరుతుంది.

ఆ అంచులను మైనం పట్టించిన 88 అంగుళాల ఎర్ర దారంతో, రెండు సూదులతో, చేత్తో కుడతారు. ఒక బంతికి 108 జంట కుట్లు. మొదటి కుట్టూ చివరి కుట్టూ తోలు కింద దాగిపోతాయి, ఎంత వెతికినా ముడి కనిపించదు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ బంతులు కోస్టారికాలోని తురియాల్బా అనే చిన్న పట్టణంలో ఇప్పటికీ ఇలా చేతికుట్టుతోనే తయారవుతున్నాయి. ఎందుకంటే తోలు ఒక్కో చోట ఒక్కో రకంగా సాగుతుంది. దారాన్ని ఎక్కడ ఎంత లాగాలో వేళ్ళకు తెలిసినంతగా యంత్రానికి తెలియలేదు. గద్వాలలో జరీ అంచునూ నూలు ఒంటినీ మగ్గం మీద ఒక్కటి చేసే చేతులను చూసిన మనకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు.

పిల్లలకు చిన్న బంతి ఇస్తే సులువయ్యేది కదా? కానీ ఆ కుట్టు మీద రెండు వేళ్ళు ఆనించి పట్టుకోవడమే బేస్‌బాల్‌లో మొదటి పాఠం. వేళ్ళు బంతిని తిప్పేది ఆ కుట్టు పట్టుకునే, తిరిగే బంతి గాలిలో వంపు తిరగడానికి తోడ్పడేదీ ఆ ఉబ్బెత్తు కుట్టే. మైదానాన్ని పిల్లల దగ్గరకు తెచ్చినా, చేతికి నేర్పాల్సిన విద్యను మాత్రం అసలు బంతి మీదే నేర్పుతున్నారు. ఏది తగ్గించాలో తెలియడం ఎంత ముఖ్యమో, ఏది ముట్టుకోకూడదో తెలియడమూ అంతే ముఖ్యం.

ఇక సంఘం సంగతి. విలియమ్స్‌పోర్ట్ సస్క్వెహన్నా నది ఒడ్డున ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కలప వ్యాపారంతో వెలిగిన ఊరు. 1930లలో ఆర్థిక మాంద్యం అమెరికాను కుదిపేస్తున్నప్పుడు పిల్లల ఆటకు డబ్బివ్వమని స్టాట్జ్ దుకాణం దుకాణమూ తిరిగాడు. యాభైకి పైగా చోట్ల కాదన్నాక లైకమింగ్ డైరీ అనే పాల సంస్థ ఒప్పుకుంది. తర్వాత లండీ లంబర్ అనే కలప సంస్థ, జంబో ప్రెట్జెల్ అనే తినుబండారాల సంస్థ వచ్చాయి. మూడు జట్లకు ఆ పేర్లే. మూడింటికీ యూనిఫాంలు 30 డాలర్లలో వచ్చాయి. జార్జ్ బెబుల్, బెర్ట్ బెబుల్ అనే అన్నదమ్ములు రెండు జట్లను పట్టించుకున్నారు, ఇంకోదాన్ని స్టాట్జ్ చూసుకున్నాడు. ఈ ముగ్గురికీ స్టాట్జ్ భార్య గ్రేస్, బెబుల్ సోదరుల భార్యలు తోడై మొదటి కమిటీలో ఉన్నారు. అంటే కొన్ని కుటుంబాలు సాయంత్రం పనులు ముగించుకుని నడిపిన సంఘం అది. జీతం తీసుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు.

1939 జూన్ 6న మొదటి ఆట. లండీ లంబర్ 23 రన్లు, లైకమింగ్ డైరీ 8. పెద్ద ఓటమి. అయితే ఆ సీజన్ చివర ఆ రెండు జట్లే ఎదురుపడినప్పుడు ఆఖరి ఆటలో లైకమింగ్ డైరీ 3-2తో గెలిచింది. ఆ రెండు స్కోర్లనూ పక్కపక్కన పెట్టి చూడండి. జూన్‌లో 31 రన్లు పడ్డ ఆట, సీజన్ ముగిసేసరికి 5 రన్లకు వచ్చింది. పిల్లలు ఆ ఒక్క వేసవిలో పట్టడం, విసరడం, అవుట్ చేయడం నేర్చుకున్నారు. మైదానం కొలత సరిపోయిందని చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

తర్వాతి పెరుగుదల త్వరగా చెప్పేస్తాను. 1946 నాటికి 12 లీగులు, అన్నీ పెన్సిల్వేనియాలోనే. 1947లో న్యూజెర్సీలోని హామంటన్‌లో రాష్ట్రం బయట మొదటి లీగ్. అదే ఏడాది విలియమ్స్‌పోర్ట్‌లో మొదటి జాతీయ టోర్నమెంట్ జరిగింది, సొంత ఊరి మేనార్డ్ జట్టే 16-7తో గెలిచింది. ఆ పోటీకి ఇతర దేశాల జట్లూ రావడం మొదలయ్యాక, 1957లో మెక్సికోలోని మాంటెరే నుంచి వచ్చిన పిల్లలు కప్పు తీసుకెళ్ళారు. ప్రత్యర్థులైన కాలిఫోర్నియా కుర్రాళ్ళ కంటే వాళ్ళు ఎత్తులో, బరువులో బాగా చిన్నవాళ్ళు. ఫైనల్లో ఏంజెల్ మసియాస్ ఒక్క బ్యాటర్‌నీ మొదటి బేస్ చేరనివ్వలేదు. ఆ టోర్నమెంట్ ఫైనల్లో అలాంటి ఆట మళ్ళీ జరగలేదు. చిన్న ఒంటికి తగ్గట్టు కొలిచిన మైదానం కాబట్టే ఆ చిన్న పిల్లలకు అది సాధ్యమైంది.

కొలతలన్నీ ఇంత బాగా కుదిర్చిన సంఘం, ఎవరు ఆడవచ్చన్న దగ్గర తడబడింది. దాన్ని దాచి ఈ పనితనాన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు.

1955లో దక్షిణ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్ పట్టణంలో క్యానన్ స్ట్రీట్ వైఎంసీఏ నల్లజాతి పిల్లల జట్టు టోర్నమెంట్‌లో చేరింది. వాళ్ళతో ఆడడం ఇష్టం లేక 61 శ్వేతజాతి జట్లు తప్పుకున్నాయి. జాతి వివక్ష కూడదని లిటిల్ లీగ్ గట్టిగానే నిలబడింది. కానీ మైదానంలో ఆడి గెలిచి రాలేదు కాబట్టి ముందుకు పోవడానికి వీల్లేదని, నిబంధన చూపి ఆ పిల్లలనే ఆపింది. విలియమ్స్‌పోర్ట్‌కి అతిథులుగా మాత్రం పిలిచింది. వాళ్ళు వచ్చి, మైదానంలో కాసేపు బంతులు విసురుకుని, గ్యాలరీలో కూర్చుని మిగతావాళ్ళ ఆట చూశారు. వాళ్ళని ఆడనివ్వండి అని జనం అరిచారు. ఆడనివ్వలేదు. ఆ పిల్లలు ఏ తప్పూ చేయలేదు. నిబంధన రాసినవాళ్ళు ఇలాంటి రోజు వస్తుందని ఊహించలేదు.

ఆడపిల్లల సంగతి ఇంకా నేరుగా ఉంది. 1950లో న్యూయార్క్ రాష్ట్రం కార్నింగ్‌లో క్యాథ్రిన్ జాన్‌స్టన్ అనే అమ్మాయి జడలు కత్తిరించుకుని, మగపిల్లవాడి పేరు పెట్టుకుని జట్టులో చేరింది. తర్వాత నిజం చెప్పినా జట్టు ఆ ఏడాదంతా ఆడనిచ్చింది. ఆ అమ్మాయి ఆటలో ఏ లోటూ లేదు మరి. కానీ వెంటనే ఆడపిల్లలు కూడదని నిబంధన రాశారు. ఆ గీత చెరపడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. న్యూజెర్సీలోని హోబోకెన్‌లో మరియా పెపె అనే అమ్మాయిని 1972లో జట్టులో నుంచి తప్పించినప్పుడు కేసు నడిచింది, తీర్పు ఆడపిల్లల వైపు వచ్చింది. 1974లో లిటిల్ లీగ్ తలుపులు తెరిచింది. నలభై ఏళ్ళ తర్వాత అదే విలియమ్స్‌పోర్ట్ టోర్నమెంట్‌లో, నేను పైన చెప్పిన మోనే డేవిస్ ప్రత్యర్థికి ఒక్క రన్ ఇవ్వకుండా ఆట గెలిపించింది. పిల్లల మైదానం కొలత ఆడపిల్లల చేతికీ మొదటి రోజు నుంచే సరిపోయేది. పెద్దల మనసే సరిపోలేదు.

కొలత దిద్దుకునే గుణం మాత్రం ఆ సంఘంలో పోలేదు, అది నాకు బాగా నచ్చింది. వైకల్యమున్న పిల్లల కోసం 1989లో చాలెంజర్ విభాగం పెట్టారు. ఎదిగే భుజం మీద భారం పడకుండా పిచర్ ఎన్ని ఇన్నింగ్స్ విసరవచ్చో మొదట లెక్క ఉండేది. ఒక ఇన్నింగ్స్‌లో పది బంతులూ పడవచ్చు, నలభై కూడా పడవచ్చు కాబట్టి ఆ లెక్క సరిగా లేదని, 2007 నుంచి బంతులనే లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పదకొండు పన్నెండేళ్ళవాళ్ళకు రోజుకు 85 బంతులు, తొమ్మిది పదేళ్ళవాళ్ళకు 75. పిచర్ ఎంత బాగా విసురుతున్నా, కప్పు చేజారిపోతున్నా, సంఖ్య నిండితే బంతి ఇంకొకరికి ఇవ్వాల్సిందే. జట్టులో ఉన్న ప్రతి పిల్లవాడినీ ఆటలో దించి తీరాలన్న నిబంధన కూడా ఉంది. బౌండరీ దగ్గర చీకటి పడేదాకా నిలబడే పిల్లవాడి కోసమే రాసిన నిబంధన అది.

స్టాట్జ్ కథ చివర కొంచెం బాధగా ఉంటుంది. సంఘం దేశమంతా పాకాక, పోషక కంపెనీ నుంచి వచ్చిన నిర్వాహకులకూ అతనికీ పొసగలేదు. తాను ఊరి సంఘంగా కట్టినదాన్ని పెద్ద సంస్థగా నడుపుతున్నారని అతని బాధ. కోర్టు దాకా వెళ్ళింది. 1956 నాటికి తాను పుట్టించిన సంస్థను వదిలేశాడు. అయినా ఆట వదల్లేదు. విలియమ్స్‌పోర్ట్‌లోనే మొదటి లీగ్‌ని విడిగా నడుపుకుంటూ ఉండిపోయాడు. 1992లో చనిపోయాడు. అక్కడి పాత మైదానానికి ఇప్పుడు అతని పేరే ఉంది.

ఈ ఆటతో తెలుగువాళ్ళకు సంబంధం లేకపోలేదు. విజయవాడ నుంచి అమెరికా వెళ్ళిన దంపతుల కొడుకు అర్జున్ నిమ్మల ఫ్లోరిడాలో పెరిగి, స్ట్రాబెర్రీ క్రెస్ట్ హైస్కూల్ జట్టులో షార్ట్‌స్టాప్‌గా ఆడాడు. 2023లో టొరంటో బ్లూ జేస్ అతణ్ణి మొదటి రౌండ్‌లో, మొత్తం మీద ఇరవయ్యో ఆటగాడిగా తీసుకుంది. అప్పటికి పదిహేడేళ్ళు. షార్ట్‌స్టాప్ అంటే, పైన చెప్పిన ఆ నాలుగు సెకన్ల పందెంలో బంతి వైపు నిలబడేవాడు. కృష్ణా తీరం నుంచి వెళ్ళిన తల్లిదండ్రుల బిడ్డ అక్కడ నిలబడ్డాడంటే సంతోషంగా ఉంటుంది. మన దగ్గరా బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ పాఠశాలల జాతీయ క్రీడల్లో ఉన్నాయి.

ఆట ఏదైనా ఈ పనితనం మనకు పనికొస్తుంది. కబడ్డీలో పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉంటే, మహిళలకు 12కి 8. చిర్రగోనెలో చిర్ర పడ్డ దూరాన్ని పిల్లవాడి చేతిలో ఉన్న గోనెతోనే కొలుస్తారు. ఆడేవాడి కొలతే ఆట కొలత అన్నది మన ఊళ్ళ ఆటలకు ముందే తెలుసు. క్రికెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆరో తరగతి పిల్లలకూ 22 గజాలే గీస్తున్నాం. పదకొండేళ్ళ చేతి నుంచి వచ్చిన బంతి రెండుసార్లు పిచ్ పడి బ్యాటర్‌ని చేరుతుంటే, బౌలింగ్ రాదని వాణ్ణి బౌండరీకి పంపుతున్నాం.

తిమ్మాజిపేటలోనైనా, నాగర్‌కర్నూలు జిల్లాలో ఇంకే మండల కేంద్రంలోనైనా, పీఈటీ సార్లకూ సెలవుల్లో ఊరికొచ్చి టోర్నమెంట్లు పెట్టే యువజన సంఘాలకూ నా విన్నపం ఒక్కటే. ఈసారి చిన్న పిల్లలకు విడిగా ఒక పోటీ పెట్టండి. సున్నం గీత గీయకముందు వాళ్ళను పరుగెత్తించి, విసిరించి చూడండి. ఆడపిల్లలనూ పిలవండి. గీత ఎక్కడ గీయాలో తేలేదాకా రెండు మూడు సాయంత్రాలు గుర్తులు జరపండి. జట్టులో పేరున్న ప్రతి ఒక్కరికీ బ్యాటింగ్ తప్పనిసరి అని మొదటి నిబంధనగా రాయండి.